అత్తమ్మ టైము

ఆ వానాకాలం వరకు మా ఇంట్లో పొద్దున పూట ఎవరూ గడియారం చూసేవాళ్ళం కాదు. వెనక గదిలోంచి మా అత్తమ్మ నాగమణమ్మ "పోయింది" అనేది. ఆ మాట వినగానే నేను గ్యాసు కట్టేసి, డబ్బా సంచిలో పెట్టుకునేదాన్ని.

పోయింది అంటే లోకల్ రైలు ఫలక్‌నుమా వైపు పోయిందని. మా ఇల్లు ఉప్పుగూడలో, పట్టాల పక్క గల్లీలో ఉంది. మూడు గదులు ఒకదాని వెనక ఒకటి. చివరి గది గోడ అవతల ఒక మురికినీళ్ళ మోరి, ఒక ప్రహరీ, ఆ తర్వాత పట్టాలు. ఇంట్లోంచి రైలు కనిపించదు. వంటిల్లు ముందు వైపు ఉంది. పక్కింట్లో ఇనుప గ్రిల్లులు చేస్తారు. ఏడింటికే కటింగ్ మిషన్ మొదలవుతుంది కాబట్టి వంటింట్లోకి రైలు చప్పుడు రాదు.

పొద్దున ఏడు ఇరవైకి రైలు ఫలక్‌నుమాకు వెళ్తుంది. అక్కడి నుంచి తిరిగి ఏడు నలభై నాలుగుకు ఉప్పుగూడ వస్తుంది. ఇంటి నుంచి స్టేషనుకు పన్నెండు నిమిషాల నడక. అత్తమ్మ "పోయింది" అన్నాక నా చేతిలో ఇంకో పన్నెండు నిమిషాలు ఉంటాయి.

ఇది రైలు టైముకు నడిచిన రోజు సంగతి. అలాంటి రోజులు వారానికి రెండో మూడో. మిగతా రోజుల్లో పదిహేను నిమిషాలు, నలభై నిమిషాలు ఆలస్యం. కారణం ఎవరూ చెప్పరు. ఫోన్‌లో యాప్ ఉంది. రైలు కాచిగూడ దాటకముందే ఉప్పుగూడ వచ్చేసిందని అది చూపించిన రోజులున్నాయి. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏడు ముప్పై ఐదు లోపల అత్తమ్మ మాట వినబడకపోతే స్టేషనుకు వెళ్ళకూడదు. ఆటోలో మలక్‌పేట వెళ్ళి మెట్రో ఎక్కాలి. అలా అయితే బేగంపేటలో మా ఆఫీసుకు తొమ్మిదికి చేరుకోవచ్చు. ఒకసారి స్టేషనుకు వెళ్ళి నిలబడ్డాక మనసు మార్చుకుంటే రెండూ పోతాయి.

అత్తమ్మ మాట మా ఇంటితో ఆగలేదు. నేను ఆ మాటనే ఫోన్‌లో ఫిర్దౌస్‌కి పంపేదాన్ని. ఫిర్దౌస్ యాకుత్‌పురాలో ఎక్కుతుంది. బేగంపేటలోనే కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. ఆమె దాన్ని దబీర్‌పురా, మలక్‌పేటల్లో ఎక్కేవాళ్ళకు పంపేది. లేడీస్ డబ్బాలో ముప్పై మంది దాకా ఆ ఒక్క మాట మీద ఇంట్లోంచి కదిలేవాళ్ళు. అత్తమ్మ టైము అనేవాళ్ళు దాన్ని.

"మా అమ్మీ అడిగింది, రైల్వేల నీకెవరున్నరే అని," అంది ఫిర్దౌస్ ఒకరోజు. "లావణ్య వాళ్ళ అత్తమ్మ ఉంది అని చెప్పిన. పెద్ద ఆఫీసరా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"హౌ బోలీ, అవునన్న. బహుత్ బడీ ఆఫీసర్. పింఛన్ గూడ వస్తది అన్న."

అదే లైను మీద ఎక్స్‌ప్రెస్‌లు పోతాయి, గూడ్సు పోతుంది. ఏది లోకలో ఎలా తెలుస్తుందని నేను అత్తమ్మను పెళ్ళైన కొత్తలో అడిగాను.

"లోకల్‌కు ఇంజన్ వేరే ఉండదు," అంది. "ఇంజన్ ఉన్నది ముందుగాల గుద్దుతది. తర్వాత గుంజుతది. లోకల్ మొదటికెల్లి ఆఖరిదాంక ఒక్కతీరే."

ఆమెకు కొన్ని పట్టింపులు ఉండేవి. వెనక నిలబడి మాట్లాడితే ఒప్పుకునేది కాదు. "ముందటికొచ్చి చెప్పు. పెద్దోళ్ళతోని గట్లనేనా మాట్లాడేది," అనేది. ఫోన్ ఎత్తేది కాదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా తను చెప్పదలచుకున్నది చెప్పేది. ఇవన్నీ ఆమె తీరు అనుకున్నాం.

జూన్ ఆఖరున మా ఆఫీసులో కొత్త రూలు వచ్చింది. మాది ఇన్సూరెన్సు క్లెయిముల కాగితాలు పరిశీలించే ప్రైవేటు ఆఫీసు. నేను రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాను. తలుపు పక్కన మొహం చూసి హాజరు వేసే మెషీను పెట్టారు. తొమ్మిది గంటల పది నిమిషాలు దాటితే ఎర్ర గుర్తు. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలల్లో తొమ్మిది గుర్తులు పడినవాళ్ళను పర్మినెంటు చేయరు.

మేనేజరు శ్రీవత్సది కాకినాడ. ఆయన ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాడు.

"ఇది నా రూలు కాదండి లావణ్య గారూ. పైనుంచి వచ్చింది. మీ పని గురించి నాకేం కంప్లయింటు లేదు. ఆ గుర్తులు ఒక్కటి చూసుకోండి."

"నేను రైలుకు వస్త సార్."

"తెలుసండి. అందుకే మిమ్మల్ని ముందు పిలిచాను."

మా ఆయన భిక్షపతి ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణంలో తూకం దగ్గర ఉంటాడు. ఆ దుకాణాన్ని ఊరి బయటికి మారుస్తామని, అందరినీ తీసుకెళ్ళలేమని యజమాని మే నెలలోనే చెప్పాడు. ఎవరిని తీసుకెళ్తాడో చెప్పలేదు. ఆ సంవత్సరం మా ఇంట్లో నిలబడే ఉద్యోగం ఒక్కటి కావాలి. అది నాది కావాలి.

జూలై పదిహేను దాకా ఒక్క ఎర్ర గుర్తే పడింది.

తర్వాత వారం రోజులు ముసురు పట్టింది. మోరి నిండి వెనక గది గోడ నెమ్ము పట్టింది. కింద నుంచి నడుము ఎత్తు దాకా సున్నం ఉబ్బి రాలింది. అత్తమ్మ మంచం ఆ గోడకు ఆనించి ఉండేది. ఆదివారం భిక్షపతి మంచాన్ని గోడ దగ్గర నుంచి లాగి ఎదురు మూలకు జరిపాడు.

"నా మంచం నా జాగల పెట్టు," అంది అత్తమ్మ.

"గోడ మొత్తం నీళ్ళే అమ్మా. నెమ్ముకు నడుము పట్టుకుంటది."

"నా నడుము నీకెందుకురా. జాగల పెట్టు."

"ఒక్క నెల. ఎండ కొడితే మల్ల జరుపుత."

ఆమె ఆ పూట అన్నం తినలేదు. ముసలితనంలో మొండితనం అన్నాడు భిక్షపతి. నేనూ అదే అనుకున్నాను. సాయంత్రం పెసరట్టు వేసి ఇస్తే తింది.

మంగళవారం ఏడు ఇరవైకి అత్తమ్మ "పోయింది" అంది. నేను మెసేజ్ పంపి స్టేషనుకు వెళ్ళాను. రైలు ఎనిమిదిన్నరకు వచ్చింది. గురువారం మళ్ళీ అంతే. మధ్యలో బుధవారం టైముకు వచ్చింది కాబట్టి నేను రైలును అనుమానించాను గాని అత్తమ్మను అనుమానించలేదు. ఎనిమిది దాటాక అవతలి ప్లాట్‌ఫారం మీంచి ఫలక్‌నుమా వైపు పోయిన లోకల్‌ను తర్వాతి రైలు అనుకుని, మా రైలును ఫలక్‌నుమాలో ఆపుతున్నారేమో అనుకున్నాను. ఆగస్టు మొదటి వారంలో స్టేషన్‌లో కూరగాయల గంపతో కూర్చున్న ఆమెను అడిగాను. రైలు ఫలక్‌నుమా వైపు పోనేలేదని, ఆరు నుంచి తను అక్కడే ఉన్నానని చెప్పింది.

ఆ సాయంత్రం అత్తమ్మ ముందుకు వెళ్ళి అడిగాను.

"పొద్దున పోయింది అన్నవు గదా అత్తమ్మా. యాడ పోయింది. గంటసేపు నిలబడ్డ."

"నేను అన్నప్పుడు పోయింది. మల్ల యాడ ఆగిందో నాకేం ఎరుక."

"పోనే పోలేదంట."

"ఎవలు చెప్పిన్రు? రైలు వాళ్ళింటి ఎనకకెల్లి పోతదా, మనింటి ఎనకకెల్లి పోతదా?"

రైల్లో లేడీస్ డబ్బాలో మాటలు మొదలయ్యాయి. మొదట నవ్వుతూ.

"అత్తమ్మకు గూడ మొహం మెషీన్ పెట్టాలె," అంది ఫిర్దౌస్. "లేటు మార్కులు ఆమెకు ఎయ్యాలె, మనకు కాదు."

తర్వాత నవ్వు తగ్గింది. మలక్‌పేటలో ఎక్కే ఒక టీచరమ్మ, తన హెడ్‌మాస్టరు అత్తమ్మ టైము ఒప్పుకోడని నా వైపు చూడకుండా అంది. ఆగస్టు పదిహేను తర్వాత ఫిర్దౌస్ నా మెసేజ్‌ను ముందుకు పంపడం మానేసింది. ఆ సంగతి తనే చెప్పింది.

"బురా నై మాననా, లావణ్యా. నీ ఒక్కదాని నౌకరీ కాదు."

"నేనేం అనుకోలే."

నేనూ అత్తమ్మ మాట వినడం మానేశాను. నాలుగు రోజులు ఏడున్నరకే ఆటో ఎక్కాను. వానకు మూసీ పెరిగి పురానాపూల్ మీద బండ్లను ఆపారు. అక్కడి ట్రాఫిక్ అంతా ఇటు తిరిగింది. ఆ నాలుగు రోజుల్లో రెండు గుర్తులు ఆటోలోనే పడ్డాయి. ఇల్లు ఆరింటికి వదిలే వీలు లేదు. రోజు విడిచి రోజు నల్లా ఆరింటికి వస్తుంది, ఏడింటికి పోతుంది. భిక్షపతి ఐదున్నరకే గంజ్‌కు వెళ్తాడు.

వినాయక చవితి నాటికి ఎర్ర గుర్తులు ఎనిమిది అయ్యాయి. సెప్టెంబరు మొత్తం మిగిలి ఉంది.

నేను వినడం మానేశాక కూడా అత్తమ్మ రోజూ పొద్దున "పోయింది" అనేది. ముందటికంటే గట్టిగా అనేది.

చవితి రోజు ఆఫీసుకు సెలవు. పక్కింటి కటింగ్ మిషన్ కూడా బంద్. వినాయకుణ్ణి పెట్టడానికి పీట కోసం వెనక గదికి వెళ్ళాను. అత్తమ్మ మంచం మీద లేదు. మంచం ఇదివరకు ఉన్న చోట, గోడకు ఎదురుగా నిలబడి ఉంది. కుడి అరచేయి గోడకు ఆనించి ఉంది.

"అత్తమ్మా, పీట యాడుంది?"

ఆమె కదలలేదు.

మళ్ళీ అడిగాను. మూడోసారి, పక్కింటివాళ్ళకు వినబడేటంత గట్టిగా అడిగాను. కదలలేదు. నా చేతిలోని ఇత్తడి చెంబు గడపకు తగిలి కింద పడింది. బండల మీద దొర్లుకుంటూ ఆమె కాలి దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆమె తల తిప్పలేదు.

అప్పుడు రైలు చప్పుడు వచ్చింది. దగ్గరైంది, దాటింది, పోయింది. ఆమె గోడ మీది నుంచి చేయి తీసి, అంటిన సున్నాన్ని కొంగుకు తుడుచుకుంది. తల వంటింటి వైపు తిప్పి "పోయింది" అని కేక వేయబోయి నన్ను చూసింది. తర్వాత కాలి దగ్గరి చెంబును చూసింది.

అప్పుడు టైము ఏడు ఇరవై ఆరు. రైలు ఆరు నిమిషాలు లేటు.

నేను ఆమె ముందుకు వెళ్ళి నిలబడి, "పీట కావాలె," అన్నాను.

"మంచం కింద," అంది.

పూజ అయ్యాక ఆ గోడ దగ్గర నేనూ చేయి పెట్టి నిలబడ్డాను. పదకొండున్నరకు ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది. అరచేతికి ముందు గుద్దినట్టు తెలిసింది, తర్వాత లాగినట్టు. పన్నెండింటికి లోకల్ పోయింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్కతీరు. ఎదురు మూలకు వెళ్ళి మంచం పక్క గోడ మీద చేయి పెట్టి చూశాను. అక్కడ ఏమీ తెలియలేదు.

మంచం జరిపినప్పటి నుంచి ఆమె గడియారం చూసి అంచనా మీద చెబుతోంది. రైలు టైముకు నడిచిన రోజు అంచనా సరిపోయింది. లేటైన రోజు తప్పింది. మాకు ఆమె మాటతో పని పడేది లేటైన రోజే. ఆ మధ్య లేచి గోడ దగ్గరికి వచ్చి నిలబడటం మొదలుపెట్టినట్టుంది. ఆమె మాట సరిగ్గా ఉన్న రోజుల్లోనే నేను వినడం మానేశాను.

మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే మంచాన్ని పాత గోడ దగ్గరికి లాగాను. చప్పుడుకు భిక్షపతి లేచి వచ్చాడు.

"ఏం చేస్తున్నవే? నెమ్ము ఆరలే ఇంక."

"ఫ్యాన్ పెడ్త."

"అమ్మకు దగ్గు వస్తది."

"స్వెట్టర్ ఏస్త."

"గిదేం లొల్లి? నేను పాడు చేద్దామని జరిపిననా?"

"కాదు. మంచికే జరిపినవ్. ఆమె జాగ అది."

అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి వైపు చూస్తోంది. మంచం కోళ్ళు నేలమీది పాత గుర్తుల్లో కూర్చున్నాక వచ్చి కూర్చుంది. వీపు గోడకు ఆనించింది.

"రేపు జరం వస్తే నువ్వే దవాఖానకు తీసుకపో," అని భిక్షపతి వెళ్ళిపోయాడు.

ఆయనకు ఏమీ చెప్పలేదు. చెబితే సాయంత్రానికి గల్లీ అంతటికీ తెలుస్తుంది. అందరూ వచ్చి ఆమె చెవిలో అరిచి చూస్తారు. ఆమె రెండేళ్ళో మూడేళ్ళో ఒక్కతే మోసిన సంగతి అది. విప్పాలంటే ఆమె విప్పాలి అనుకున్నాను.

సెప్టెంబరు ఒకటి నుంచి మళ్ళీ ఆమె మాట మీద నడిచాను. ఆమె ఏడు ఇరవై ఎనిమిదికి అంటే రైలు పోయింది ఏడు ఇరవై ఎనిమిదికే. ఏడు ముప్పై ఐదు దాకా అనకపోతే ఆటో. మొదటి వారం గుర్తు పడలేదు. రెండో వారం ఫిర్దౌస్ అడిగింది.

"అత్తమ్మ డ్యూటీల చేరిందా?"

"చేరింది."

"ఏంది, మెడికల్ లీవా?"

"గట్లనే అనుకో."

"ఠీక్. రేపటికెల్లి పంపు నాకు."

మూడో వారానికి డబ్బాలో అత్తమ్మ టైము మళ్ళీ మొదలైంది. టీచరమ్మ నాకు సీటు ఇచ్చింది. అత్తమ్మకు రాత్రి పూట దగ్గు వచ్చింది. మిరియాల పాలు ఇచ్చాను. స్వెట్టర్ వేసుకోనంది, వేసుకుంది.

సెప్టెంబరు చివరి శుక్రవారం పొద్దున్నే వాన. ఇంకో రెండు పని దినాలు దాటితే నెల అయిపోతుంది. ఏడు ఇరవై అయింది. ఏడు ఇరవై ఐదు అయింది. ఫిర్దౌస్ నుంచి మెసేజ్: రైలు ఉప్పుగూడ దాటి ఫలక్‌నుమా వైపు పోయిందని యాప్ అంటోంది, ఏం చేద్దాం? నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. సంచి భుజానికి ఉంది. గొడుగు చేతిలో ఉంది. ఏడు ముప్పైకి మళ్ళీ మెసేజ్: బోల్ యార్. ముప్పై మంది అడుగుతున్నరు.

అత్తమ్మ ఇంకా అనలేదు అని రాశాను.

ఏడు ముప్పై మూడుకు వెనక గదిలోంచి "పోయింది" వినబడింది.

రైలు ఏడు యాభై ఏడుకు ఉప్పుగూడ వచ్చింది. ఎక్కినప్పుడు లెక్క వేసుకున్నాను. తొమ్మిదికి బేగంపేట. నడక ఏడు నిమిషాలు. మూడు నిమిషాలు మిగులుతాయి. సికింద్రాబాద్ దాకా అలాగే వచ్చింది. సికింద్రాబాద్ దాటాక ఆగింది. కిటికీ అవతల తాడిచెట్టు ఒకటి, గోడ మీద కోచింగ్ సెంటర్ ప్రకటన ఒకటి కనిపించాయి. ఇరవై ఏడు నిమిషాలు ఆ రెండే కనిపించాయి.

"ఇక్కడిదాంక అత్తమ్మ తెచ్చింది," అంది ఫిర్దౌస్. "ఇక్కడికెల్లి ఎవరి టైము?"

దిగి నడుద్దామని ఒకామె తలుపు దాకా వెళ్ళి, వాన చూసి వెనక్కి వచ్చి కూర్చుంది.

మెషీను ముందు నిలబడేసరికి తొమ్మిదీ ముప్పై నాలుగు. నా మొహం చుట్టూ చదరం గీసి, పేరు చూపించి, ఎర్ర గుర్తు వేసింది.

శ్రీవత్స మధ్యాహ్నం పిలిచాడు.

"ఏమైందండి?"

"రైలు ఆగింది సార్."

"నాకు చెబితే నమ్ముతానండి. ఆ మెషీనుకి చెప్పుకోలేం కదా." కాసేపు కాగితం చూశాడు. "తీసేయమని నేను రాయను. ఇంకో మూడు నెలలు కాంట్రాక్టు పొడిగించమని రాస్తాను. డిసెంబరులో మళ్ళీ చూద్దాం. అంతకంటే నా చేతిలో లేదండి."

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరాను. భిక్షపతి అప్పటికే వచ్చి ముందు గదిలో చాయ్ తాగుతున్నాడు. వెనక గదిలో అత్తమ్మ మంచం మీద కూర్చుని తలుపు వైపు చూస్తోంది. బట్టలు మార్చుకోకముందే ఆమె దగ్గరికి వెళ్ళాను.

"టైముకే పోయినవా?" అంది.

రైలు సికింద్రాబాద్ అవతల ఆగిందని చెప్పవచ్చు. అది నిజం. కాని ఆమె తప్పు కప్పడానికి నేను కల్పించి చెబుతున్నానని ఆమె అనుకుంటుంది. లైటు వేసి, వెలుతురు నా మొహం మీద పడేటట్టు ఆమె ముందు నిలబడ్డాను.

"టైముకే పోయిన అత్తమ్మా," అని నిదానంగా అన్నాను.

ఆమె నా పెదవుల మీది నుంచి చూపు తీసింది.

"మరి నా చెవులంటే ఏమనుకున్నవ్," అంది. గోడ వైపు తిరిగి కూర్చుంది.

భిక్షపతి చాయ్ గ్లాసు పట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు.

"అయితే ఫికర్ లేదు గదా. పర్మినెంట్ అయినట్టేనా?"

అత్తమ్మ వీపు మా వైపు ఉంది. నేను గొంతు తగ్గించలేదు.

"కాలే. ఇయ్యాల తొమ్మిదోది పడ్డది. మూడు నెలలు పొడిగిస్తరంట."

"మెల్లగ," అన్నాడు భిక్షపతి. "అమ్మ వింటది."

"వినదు," అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. "అమ్మా," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. గ్లాసు కింద పెట్టి ఇంకో అడుగు ముందుకు వేసి పిలిచాడు.

ఆమె అరచేయి గోడ మీద ఉంది. కాసేపటికి అవతల రైలు వచ్చింది, దాటిపోయింది. ఆమె చేయి తీసి సున్నం దులుపుకుంది.

"గిది సుత లేటే ఇయ్యాల," అంది.